ఇసుక మోస్తున్న బరువెంత?

అందరికీ నమస్కారం. మన విశాఖలో తెన్నేటి పార్కు కింద ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ‘మా’ను మీలో చాలామంది చూసే ఉంటారు. 2020 అక్టోబరులో సముద్రం దాన్ని ఈడ్చుకొచ్చి అక్కడ పడేసింది. అలాంటి ఓడను చూడగానే ఎవరికైనా ముందు తట్టేది ఒకటే: నాలుగు టగ్గులు (పెద్ద ఓడల్ని లాగే చిన్న, బలమైన పడవలు) కట్టి లాగేస్తే పోలా?

లాగడం ఆఖరి పనండీ. ముందు కూర్చుని లెక్క కట్టాలి.

తేలే ఓడ బరువంతా నీళ్ళే మోస్తాయి. అడుగు నేలకి ఆనిందంటే అందులో కొంత నేల మీద పడుతుంది. ఎంత పడిందో ఓడ ఒంటి మీదే రాసి ఉంటుంది. ముక్కు దగ్గరా వెనకా నిలువుగా అంకెలు కనిపిస్తాయే, అవి ఎంత లోతు మునిగిందో చెప్పే డ్రాఫ్ట్ గుర్తులు. నిన్న 6 మీటర్లు మునిగిన ఓడ ఇవాళ ఈ చివరా ఆ చివరా 5.70 దగ్గరే ఆగిందనుకోండి. ఒక్క సెంటీమీటరు ముంచడానికి 20 టన్నులు పట్టే ఓడైతే, 30 సెంటీమీటర్లకు 600 టన్నులు. ఇసుక మోస్తున్నది అదీ. ఇసుకలో రాపిడి గుణకం, అంటే నేల మీద పడ్డ బరువులో ఎన్నో వంతు లాగుడు కావాలో చెప్పే అంకె, సుమారు 0.3 నుంచి 0.4. పెద్దదే వేసుకుందాం: 600లో 0.4 వంతు, 240 టన్నుల లాగుడు. 60 టన్నులు లాగే టగ్గులు నాలుగు కావాలి. రాయి మీదైతే గుణకం 1 దాటినా దాటొచ్చు, పది టగ్గులూ చాలవు.

ఇప్పుడు పోటుకి నీళ్ళు 20 సెంటీమీటర్లు పెరిగాయి. 400 టన్నులు సముద్రమే ఎత్తేసింది, పైసా అడక్కుండా. మిగిలింది 200, లాగుడు 80. రెండు టగ్గులు చాలు.

2021 మార్చి 23న సూయజ్ కాలువకు అడ్డంపడ్డ ఎవర్ గివెన్ ఓడ పొడవు 400 మీటర్లు. ముక్కు గట్టులో దిగబడింది. సుమారు 30,000 ఘనపు మీటర్ల ఇసుక తవ్వి తీశారు, బ్యాలస్ట్ నీళ్ళు, అంటే నిలకడ కోసం ఓడ ట్యాంకుల్లో నింపుకునే నీళ్ళు, తోడేశారు. మార్చి 28 ఫాల్గుణ పౌర్ణమి. పున్నమి పోటు మీద మర్నాడు, అంటే ఇక్కడ మనం హోళీ ఆడుకున్న రోజున, ఓడ తేలింది. ఇరుక్కున్నది ముక్కయితే టగ్గులు వెనక భాగాన్ని పట్టుకోవడమేంటని అడగొచ్చు. ఇంటికెళ్ళి తలుపును బందు పక్కన తోసి చూడండి, తర్వాత అంచు దగ్గర తోసి చూడండి.

ఇంకో చిక్కుంది. నేల కింద నుంచి నెట్టడమంటే, లెక్కలో, ఓడ అడుగునున్న బరువు తీసేసినట్టే. గురుత్వ కేంద్రం పైకి జరిగినట్టవుతుంది. ఆటుకి సముద్రం తగ్గుతున్నకొద్దీ నేల నెట్టుడు పెరుగుతుంది, ఓడ ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది. లాగుడు ఒక్కటే లెక్కేసుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

అలాగని తొందరపడి సరుకు దించేశారనుకోండి, తేలికైన ఓడను తర్వాతి పోటు ఇంకాస్త ఒడ్డుకెక్కిస్తుంది. అందుకే కొన్నిసార్లు ట్యాంకుల్లోకి నీళ్ళెక్కించి మరీ ఓడను ఇసుకకి అదిమి పెడతారు, టగ్గు తాడు బిగిసేదాకా.