ముసలి గుర్రం, కొత్త చదువు

శ్రోతలకు నమస్కారం.

ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని గుర్రం ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. వయసు ఇరవై దాటింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వెన్నెముక పైకి తేలి ఉంది. గిట్టలు అడ్డదిడ్డంగా పెరిగి అంచులు చీలిపోయాయి. చూడగానే ఎవరికైనా బకెట్ నిండా దాణా తెచ్చి ముందు పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ దాణాతోనే దాని ప్రాణం పోవచ్చు.

చాలాకాలం పస్తులున్న ఒంట్లో ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం అడుగంటి ఉంటాయి. ధాన్యంలోని పిండిపదార్థం ఒక్కసారిగా లోపలికి వెళితే ఇన్సులిన్ బాగా పెరుగుతుంది. అది రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాలను కూడా కణాల్లోకి లాగేస్తుంది. దాంతో గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తిండి మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే, అంతా బాగుందనుకుంటున్న సమయంలో, గుర్రం కుప్పకూలుతుంది. అందుకే మొదట్లో ధాన్యం జోలికి పోరు. పిండిపదార్థం తక్కువుండే లూసర్న్ ఎండుగడ్డిని రాత్రీ పగలూ నాలుగేసి గంటలకోసారి కొద్దికొద్దిగా పెడతారు. ఎంత పెట్టాలో, ఎప్పుడు పెంచాలో పశువైద్యుడు చెప్పాలి, మన జాలి కాదు. ఒళ్లు రావడానికి నెలలు పడుతుంది.

ఒళ్లు వస్తోందో లేదో కంటితో చూసి చెప్పడం కష్టం, చలికాలపు దట్టమైన వెంట్రుకలు ఎముకల్ని కప్పేస్తాయి. చేత్తో తడిమి చూడాల్సిందే. 1983లో డాన్ హెన్నెకే అనే పరిశోధకుడు ఇందుకో కొలమానం ఇచ్చారు. మెడ, భుజం వెనక, పక్కటెముకలు, తోక మొదలు వంటి చోట్ల తడిమి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే తగినంత ఒళ్లు, 9 అంటే విపరీతమైన కొవ్వు.

ఇక పళ్లు. గుర్రం పళ్లు అరిగేకొద్దీ చిగురులోంచి పైకి జరుగుతూనే ఉంటాయి. కింది దవడ కన్నా పై దవడ వెడల్పు ఎక్కువ కాబట్టి అన్నివైపులా సమంగా అరగవు. పైపళ్ల బయటి అంచులు బుగ్గను కోస్తాయి, కిందిపళ్ల లోపలి అంచులు నాలుకను గీరతాయి. గడ్డి తొట్టి కింద ఓసారి చూడండి. నమిలీ నమలని తడి గడ్డి ఉండలు పడి ఉన్నాయంటే నోట్లో ఏదో బాధ ఉన్నట్టే. వైద్యుడు ఆకురాయితో ఆ అంచుల్ని రాసి నున్నగా చేస్తాడు. అసలు పళ్లే అరిగిపోయిన గుర్రానికి మేత నానబెట్టి మెత్తగా చేసి పెట్టాలి. గిట్టల సంగతీ అంతే. ఏళ్ల నిర్లక్ష్యాన్ని ఒక్క రోజులో చెక్కి సరిచేయబోతే కీళ్ల మీద, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుల మీద భారం పడుతుంది. కొన్ని వారాలకోసారి కొంచెం కొంచెంగా సరిచేస్తూ పోవాలి.

ఇంతసేపూ పాఠాల మాటే ఎత్తలేదేమిటని మీరు అనుకోవచ్చు. నా లెక్కలో పాఠం అప్పుడే మొదలైపోయింది. కళ్లెం వేయబోతే తల విదిలించే గుర్రాన్ని మొండిదంటారు. బుగ్గ లోపల పుండుంటే మనం మాత్రం విదిలించమా? జీను చూసి చెవులు వెనక్కి పెట్టే గుర్రానికి వీపు నొప్పి ఉండొచ్చు. నొప్పి తీరాక కూడా భయం మిగులుతుంది. గుర్రం జ్ఞాపకశక్తి గొప్పది, అదే చిక్కు. మంచి రౌతు నేర్పిందీ గుర్తుంటుంది, చెడ్డ చెయ్యి కొట్టిందీ గుర్తుంటుంది.

మన ఒంటిని అది ఎంత సూక్ష్మంగా చదువుతుందో చెప్పడానికి బెర్లిన్ గుర్రం హన్స్ ఉదాహరణ చాలు. కూడికలకు, తీసివేతలకు గిట్టతో నేలను తట్టి జవాబు చెబుతుందని దానికి పేరొచ్చింది. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి అసలు గుట్టు బయటపెట్టాడు. సరైన అంకె రాగానే ప్రశ్న అడిగినవాళ్ల తల రవ్వంత కదిలేది. అది వాళ్లకే తెలియదు, హన్స్‌కి తెలుసు. కాబట్టి ఆఫీసు టెన్షన్ మోసుకుంటూ గుర్రం దగ్గరికి వెళ్లకండి. పైకి నవ్వినా దాన్ని మోసం చేయలేరు.

ఎలా నేర్పాలో చెప్పడానికి ఒక్క పని తీసుకుందాం, కాలెత్తించడం. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక ఏమీ కనబడదు. అందుకని పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్లండి. చెయ్యి ముందు భుజం మీద వేసి, అది ఊపిరి వదిలేదాకా ఆగండి. మెల్లగా మోకాలి దాకా జార్చండి. కండరం బిగిసిందా, అక్కడే ఆపండి. వదులైందా, చెయ్యి తీసేయండి. ఆ చెయ్యి తీయడమే దానికి బహుమతి. మొదటి రోజు కాలు అసలు లేవకపోయినా పరవాలేదు. తర్వాతెప్పుడో బరువు అవతలి కాలి మీదికి మార్చి, గిట్ట అంచు నేల నుంచి రవ్వంత లేపుతుంది. అది లాక్కునేలోపే మీరే కిందికి దించేయండి. అది లాక్కున్నాక వదిలితే, లాక్కుంటే వదులుతారన్న పాఠమే నేర్చుకుంటుంది. పావుగంట మించి సాగదీయొద్దు. అది బాగా చేసిన చోటే ఆపేయాలి. అలా ఆపడం మనుషులకే కష్టం, ఇంకొక్కసారి అనిపిస్తుంది.

ఒంటికి బలం రావాలంటే పగ్గం పట్టుకుని పక్కన నడిపించడాన్ని మించింది లేదు. ముందు చదును నేల, తర్వాత మెల్లని ఎత్తుపల్లాలు. వీపు కండ పెరిగేకొద్దీ దాని ఆకారం మారుతుంది, ఇవాళ సరిపోయిన జీను కొన్ని నెలలకు ఒత్తుతుంది. కాబట్టి జీను కొనడానికి తొందరపడొద్దు.

అసలు ఎక్కాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనకో సామెత ఉంది, పనికిరానిదాన్ని మేపడం దండగని దెప్పడానికి వాడతాం. నేనా మాట ఒప్పుకోను. కీళ్లు అరిగిన గుర్రం మనిషి బరువు మోయకపోవచ్చు. అయినా మందలో బతికే జీవి కాబట్టి, బెదురుబోతు పిల్ల గుర్రం పక్కన ఈ పెద్దదాన్ని కట్టేస్తే ఆ పిల్ల నెమ్మదిస్తుంది. ఎక్కాలనే ఉంటే, వైద్యుడు మెత్తటి నేల మీదా గట్టి నేల మీదా నడిపించి, పరుగెత్తించి చూసి సరేనన్నాకే ఎక్కండి. అదీ తక్కువ బరువున్నవాళ్లే, కాసేపే, నడకలోనే.