గాలె కోటను ఏ వైపు నుంచి చూడాలి

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

శ్రీలంక దక్షిణ తీరంలోని గాలె కోటకు వెళ్ళినవారు సాధారణంగా సముద్రం వైపు ప్రాకారం మీద నడక మొదలుపెడతారు. దీపస్తంభమూ అలలూ అటే ఉన్నాయి గనుక వారిని తప్పుపట్టలేం. నా సలహా మాత్రం ముందుగా ఉత్తరాన, కొత్త ఊరి వైపు నిలిచిన సూర్య, చంద్ర, నక్షత్ర బురుజుల దగ్గరకు వెళ్ళమని. ఓడలెక్కి వచ్చిన పాలకులు తమ వెనుకనున్న నేలను చూసి ఎంతగా జంకారో అక్కడి గోడల ఎత్తూ మందమూ చూస్తే తెలుస్తుంది.

1580ల చివర ఇక్కడ కోట కట్టిన పోర్చుగీసువారు మూడు బురుజులతో నేల వైపు మాత్రమే గట్టి గోడ లేపి, సముద్రం వైపు కర్రల దడితో సరిపెట్టుకున్నారు. దీవి లోపలి క్యాండీ రాజ్యాన్నేలిన రెండవ రాజసింహుడితో పొత్తు కుదుర్చుకున్న డచ్చి ఈస్టిండియా కంపెనీ 1640 మార్చిలో ఆ కోటను గెలుచుకుంది. గెలిచాక దానిని రాజుకు అప్పగించలేదు. పొత్తు చెడింది. కంపెనీకి కావలసిన దాల్చిన చెక్క లోపలి అడవుల నుంచి రావాలి, ఆ అడవుల వెనుక కోపంతో ఉన్న రాజు ఉన్నాడు. అలాంటప్పుడు నేల వైపు బురుజులను వదులుకునే ప్రశ్నే లేదు. ఐరోపా శత్రువుల ఓడల భయమూ ఉంది గనుక డచ్చివారు ద్వీపకల్పమంతటినీ చుట్టి, 14 బురుజులతో ప్రాకారాన్ని పూర్తి చేశారు.

పాత ద్వారం మీద లోపలి వైపు 1669 అన్న అంకెలతో కంపెనీ చిహ్నం, బయటి వైపు 1796లో కోటను తీసుకున్న బ్రిటిషువారి రాజచిహ్నం కనిపిస్తాయి. ఒకే గోడకు రెండు ప్రభుత్వాల ముద్రలు! ఆ ద్వారం దాటి వీధుల్లోకి వస్తే, మీ కాళ్ళ కింద 17వ శతాబ్దపు మురుగు కాలువలు ఉంటాయి. పోటు సమయంలో సముద్రపు నీరు వాటిలోకి ఎక్కి, ఆటుతో పాటు మురికిని లాక్కుపోయేలా వాటిని కట్టారు. ఆ కోటలో నాకు అన్నిటికన్నా తెలివైన కట్టడం ఇదే అనిపిస్తుంది, దానికి ఫొటోలు తీసేవారు లేకపోయినా.

మన మచిలీపట్నంలో 1605లోనే వర్తక స్థావరం ఏర్పరచుకున్నది కూడా ఈ కంపెనీయే. కోరమాండల్ తీరపు నేత బట్టలను కొని, తూర్పు దీవులలో వాటితో సుగంధ ద్రవ్యాలు సంపాదించిన వ్యాపార వలయంలో గాలె ఒక ముఖ్యమైన మజిలీ.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో కోట వెలుపలి బస్టాండు, క్రికెట్ మైదానం మునిగిపోగా, ప్రాకారం లోపలి ఊరు చాలా వరకు నిలిచింది. అంతకు చాలా ముందే గాలెను కాపాడిన మరో కారణం ఉంది: రాళ్ళు నిండిన ఈ రేవును పెద్ద స్టీమర్లు వదిలేశాయి. 1870లలో కొలంబోలో బ్రేక్‌వాటర్ (రేవులోకి అలలు రాకుండా ఆపే అడ్డుగోడ) పని మొదలయ్యాక వర్తకమంతా అక్కడికి తరలిపోయింది. డబ్బు కరువైన చోట పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కట్టేవారు ఉండరు. 1988లో యునెస్కో గుర్తింపు వచ్చే నాటికి డచ్చి ఇళ్ళు వరుసలు వరుసలుగా మిగిలి ఉండటానికి ఆ పేదరికమే చాలా వరకు కారణం. ఆ గుర్తింపు తర్వాత వచ్చిన హోటళ్ళు, విదేశీ కొనుగోలుదారులు ఆ ఇళ్ళ ధరలను పెంచారు. మసీదు, న్యాయస్థానం, బడులతో కోట ఇప్పటికీ జనం కాపురముండే ఊరే, కాని ఆ ఇళ్ళలో ఎవరుండగలరన్నది నేడు అక్కడ నడుస్తున్న వాదన.