లినక్స్‌లో ప్రింటర్ ఎక్కడ ఆగిపోతోంది? నాలుగు కంపెనీల డ్రైవర్ల రివ్యూ

నమస్తే అండి. స్క్రీన్ మీద 'ఫిల్టర్ ఫెయిల్డ్' అని కనిపిస్తోంది కదా. అంటే మన ఫైల్‌ని ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయిందని. లినక్స్‌కి పాత లేజర్ ప్రింటర్ తగిలించినవాళ్లలో చాలామందికి ఈ మెసేజ్ పరిచయమే. ప్రింట్ ఇస్తాం, క్యూలోకి వెళ్తుంది, రెండు క్షణాల్లో ఆగిపోతుంది. కాయితం కదలదు, ప్రింటర్ నుంచి చప్పుడు కూడా రాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని డెస్క్‌టాప్‌లు మన జిరాక్స్ షాపుల్లో, స్కూలు ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిలో లినక్స్ మింట్ వేస్తే హాయిగా నడుస్తాయి. బ్రౌజర్ ఉంటుంది, లిబ్రెఆఫీస్ ఉంటుంది, తెలుగు టైపింగ్ ఉంటుంది. పని ఆగేది ప్రింటర్ దగ్గరే. పరీక్ష ముందు రోజు హాల్ టికెట్ ప్రింట్ రాకపోతే ఆ పిల్లాడు మళ్లీ విండోస్ వేసుకుంటాడు, అతన్ని తప్పు పట్టడానికి లేదు. అందుకే ఈ వీడియో వివరంగా చేస్తున్నాను.

ఈ రోజు రివ్యూ డ్రైవర్ల మీద, అంటే ప్రింటర్‌తో కంప్యూటర్ మాట్లాడటానికి వాడే సాఫ్ట్‌వేర్ మీద. హెచ్‌పీ, కేనన్, బ్రదర్, ఎప్సన్. చూపించే సిస్టమ్ లినక్స్ మింట్ 22, అంటే లోపల ఉబుంటు 24.04.

డ్రైవర్ల జోలికి వెళ్లే ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. ప్రింట్ రాలేదంటే వెంటనే కంపెనీ సైట్‌కి వెళ్లి దొరికిందల్లా డౌన్‌లోడ్ చేయకండి. ముందు పని ఏ మెట్టు మీద ఆగిందో చూడండి. మెట్టు తెలిస్తే చాలాసార్లు ఒక్క కమాండ్‌తో పోతుంది. తెలియకుండా మూడు డ్రైవర్లు ఎక్కించుకుంటే అవి ఒకదానికొకటి అడ్డం పడి, ఆ తర్వాత అసలు తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

లినక్స్‌లో ప్రింటింగ్ అంతా కప్స్ అనే వ్యవస్థ చూసుకుంటుంది. మైకేల్ స్వీట్ అనే ఆయన 1990ల చివర్లో మొదలుపెట్టారు. 2007లో యాపిల్ ఆ కోడ్ కొనుక్కుని ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. మీ ఐఫోన్ నుంచి, మ్యాక్ నుంచి వచ్చే ప్రింట్ వెనక ఉన్న పని కూడా ఈ కుటుంబానిదే. 2019 చివర్లో ఆయన యాపిల్ నుంచి బయటికి వచ్చాక, లినక్స్ వైపు కప్స్ అభివృద్ధి ఓపెన్‌ప్రింటింగ్ అనే ప్రాజెక్టుకి వచ్చింది. దాన్ని నడిపిస్తున్నది టిల్ కాంప్‌పెటర్. ఆయన 2000 సంవత్సరం నుంచీ లినక్స్ ప్రింటింగ్ మీదే ఉన్నారు. మనం రోజూ వాడుకునే దాని వెనక ఇంత తక్కువ మంది ఇంత కాలం కూర్చున్నారని తెలిసినప్పుడు నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

సరే, మెట్లు. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. మీ ప్రింటర్ పేరు ఆ వరసలో ఉండాలి. పేరు రాకపోయినా వెండర్ నంబరు ఉంటుంది. 03ఎఫ్0 అంటే హెచ్‌పీ, 04ఏ9 అంటే కేనన్, 04బీ8 ఎప్సన్, 04ఎఫ్9 బ్రదర్. ఇక్కడే కనపడకపోతే డ్రైవర్‌తో పనే లేదు. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి సీపీయూ వెనక పోర్టులో నేరుగా పెట్టండి.

అక్కడ కనపడితే రెండో కమాండ్, ఎల్‌పీఇన్ఫో, స్పేస్, హైఫన్ వి. ఇది కప్స్‌కి కనిపిస్తున్న పరికరాలు చూపిస్తుంది. ఒకే హెచ్‌పీ ప్రింటర్‌కి ఇక్కడ రెండు లైన్లు రావచ్చు, ఒకటి 'యూఎస్‌బీ' అని మొదలయ్యేది, ఇంకోటి 'హెచ్‌పీ' అని మొదలయ్యేది. ఇది గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మూడోది ఎల్‌పీస్టాట్, హైఫన్ టి. క్యూ ఆగి ఉందా, నడుస్తోందా చెప్తుంది. అసలు సమస్య తీరిపోయినా ప్రింట్ రాని కేసులు ఇక్కడే దొరుకుతాయి. ఒకసారి ఫెయిలైన క్యూని కప్స్ కొన్ని సెట్టింగుల్లో ఆపేసి ఉంచుతుంది, మనం చెప్పేదాకా మళ్లీ మొదలుపెట్టదు. కప్స్‌ఎనేబుల్ అని కొట్టి పక్కన ప్రింటర్ పేరు ఇస్తే మళ్లీ నడుస్తుంది. ఇదే పని బ్రౌజర్‌లోనూ చేయొచ్చు. లోకల్‌హోస్ట్, కోలన్, 631 అని అడ్రస్ బార్‌లో టైప్ చేస్తే కప్స్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా లోపలికి రానివ్వకపోతే మీ యూజర్ ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో లేనట్టే. చేర్చే కమాండ్ స్క్రీన్ మీద పెట్టాను. చేర్చాక లాగౌట్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వండి, లేకపోతే ఆ మార్పు పట్టదు.

ఇక లాగ్, అంటే కప్స్ తను చేసిన పనులు రాసిపెట్టుకునే ఫైల్. కప్స్‌సీటీఎల్, రెండు హైఫన్లు, డీబగ్ లాగింగ్ అని కొట్టి, ఇంకోసారి ప్రింట్ ఇచ్చి, వార్ లాగ్ కప్స్ ఫోల్డర్‌లో ఉన్న ఎర్రర్ లాగ్ ఫైల్ తెరవండి. ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాడేవాళ్లకి ఇది జర్నల్ అనే సిస్టమ్ లాగ్‌లో ఉంటుంది. 'ఫిల్టర్ ఫెయిల్డ్' అనేది పైపై మాట. దానికి ఒక పది లైన్ల పైన అసలు కారణం రాసి ఉంటుంది. ఆ పది లైన్లు చదవడం అలవాటైతే సగం ట్రబుల్‌షూటింగ్ వచ్చేసినట్టే.

ఇప్పుడు హెచ్‌పీ. మన దగ్గర ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008 తీసుకుందాం. వీటిలో ఒక విశేషం ఉంది. ప్రింటర్‌ని నడిపే ఫర్మ్‌వేర్ ప్రింటర్ లోపల నిలవ ఉండదు. పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. పంపకపోతే లైటు వెలుగుతుంది, ఎల్ఎస్‌యూఎస్‌బీలో పేరు వస్తుంది, క్యూ కూడా బాగానే కనిపిస్తుంది, ప్రింట్ మాత్రం రాదు. విండోస్‌లో ఈ పని తెర వెనక జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

లినక్స్‌లో హెచ్‌పీ ఇచ్చే డ్రైవర్ పేరు హెచ్‌పీలిప్. ఇది ఓపెన్ సోర్స్, మింట్‌లో ముందే ఉంటుంది. కానీ ఈ మోడళ్లకి కావలసిన ఫర్మ్‌వేర్, ఇంకొంత కోడ్ ఓపెన్ సోర్స్ కాదు. అవి ప్లగిన్ అనే వేరే ప్యాకెట్‌గా వస్తాయి. హెచ్‌పీ-ప్లగిన్ అని కమాండ్ ఇస్తే అదే దించుకుని, లైసెన్స్ ఒప్పుకోమని అడిగి, ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత హెచ్‌పీ-సెటప్ నడిపి ప్రింటర్ చేర్చండి. ఇందాక రెండు లైన్లు అన్నాను కదా, ఇక్కడ 'హెచ్‌పీ' అని మొదలయ్యే దారినే ఎంచుకోండి. 'యూఎస్‌బీ' దారిలో పెట్టుకుంటే హెచ్‌పీలిప్ ఇచ్చే స్టేటస్ లాంటి సౌకర్యాలు పోతాయి.

అసలు చిక్కు వెర్షన్ల దగ్గర. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి. ఉబుంటు 22.04లో వచ్చేది 3.21.12, ఉబుంటు 24.04లో వచ్చేది 3.23.12. సిస్టమ్ అప్‌గ్రేడ్ చేయగానే హెచ్‌పీలిప్ కొత్తదవుతుంది, ప్లగిన్ పాతదే మిగిలిపోతుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన ప్రింటర్ అప్‌గ్రేడ్ తర్వాత ఆగిపోవడానికి మొట్టమొదట అనుమానించాల్సింది ఇదే. లాగ్‌లో 'ప్లగిన్ వెర్షన్ మిస్‌మ్యాచ్' అని స్పష్టంగా రాసి ఉంటుంది. హెచ్‌పీ-ప్లగిన్ ఇంకోసారి నడిపితే సరిపోతుంది. దీనికోసం వెబ్‌సైట్ నుంచి కొత్త ఇన్‌స్టాలర్ దించి ఉన్నదాని మీద ఎక్కించకండి. డిస్ట్రో, అంటే మీ మింట్ లేదా ఉబుంటు ఇచ్చిన ప్యాకేజీ ఒకటి, మీరు ఎక్కించింది ఇంకొకటి, రెండూ కలిసి ఫైళ్లు తారుమారవుతాయి. ఇవే ప్రింటర్లకి ఫూ2జెడ్‌జేఎస్ అనే సొంతంగా రాసిన డ్రైవర్ కూడా ఉంది, మంచిదే. కాకపోతే హెచ్‌పీలిప్, ఫూ2జెడ్‌జేఎస్ రెండూ ఒకే మెషీన్‌లో పెట్టుకోవద్దు. ప్రింటర్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్ ఎవరు పంపాలన్న దగ్గర పోటీ వస్తుంది.

మొత్తానికి హెచ్‌పీకి నా మార్కులు బాగానే ఉన్నాయి. ప్లగిన్ గొడవ తెలిస్తే ఇంకేం ఇబ్బంది పెట్టదు.

ఇక కేనన్ ఎల్‌బీపీ2900. ఈ భాగం కొంచెం ఓపికగా చూడండి. ఈ ప్రింటర్ దాదాపు ప్రతి జిరాక్స్ షాపులో ఉంది, చెడిపోదు, టోనర్ చవక. లినక్స్‌లో మాత్రం నాలుగింటిలోకీ కష్టమైనది ఇదే. దీని భాష పేరు క్యాప్ట్, కేనన్ సొంత భాష, దాని వివరాలు బయటికి ఇవ్వలేదు. కేనన్ ఇచ్చే లినక్స్ డ్రైవర్‌లో రెండు ప్యాకేజీలు ఉంటాయి. కామన్ అని ఉన్నది ముందు, క్యాప్ట్ అని ఉన్నది తర్వాత వేయాలి. వరస తప్పితే రెండోది ఎక్కదు.

ఎక్కించాక చాలామంది ఇరుక్కునేది 32 బిట్ దగ్గర. ఆ డ్రైవర్‌లోని ముఖ్యమైన ప్రోగ్రాములు 32 బిట్‌వి, మన సిస్టమ్ 64 బిట్. దాన్ని నడపబోతే 'నో సచ్ ఫైల్' అంటుంది. ఫోల్డర్‌లో చూస్తే ఫైల్ కళ్లెదుటే ఉంటుంది! సిస్టమ్ లేదంటున్నది ఆ ఫైల్‌ని కాదు, దాన్ని నడపడానికి కావలసిన 32 బిట్ లోడర్‌ని. ఫైల్ అనే కమాండ్‌తో ఆ ప్రోగ్రాముని చూస్తే '32 బిట్' అని బయటపడుతుంది. ఐ386 ఆర్కిటెక్చర్ చేర్చి, అప్‌డేట్ చేసి, లిబ్‌సీ6, లిబ్‌ఎస్‌టీడీసీ++6 ఐ386 వెర్షన్లు వేయండి. మూడు కమాండ్లూ స్క్రీన్ మీద వరసగా ఉన్నాయి. ఇంకా ఏ లైబ్రరీ తగ్గిందో ఎల్‌డీడీ అనే కమాండ్ చెప్తుంది.

అంతటితో అయిపోదు. ఈ డ్రైవర్ కప్స్‌కి, ప్రింటర్‌కి మధ్యలో సీసీపీడీ అనే సర్వీసుని పెడుతుంది. అందుకే క్యూ అడ్రస్ సీసీపీ, లోకల్‌హోస్ట్, 59687 అని ఉండాలి. మింట్ తనంతట తాను ఒక క్యూ తయారుచేసి ఉంటే దాన్ని తీసేయండి. తర్వాత సీసీపీడీఅడ్మిన్‌తో ఆ పేరుని డెవ్, యూఎస్‌బీ, ఎల్‌పీ0కి కట్టాలి. ప్రింటర్ కేబుల్ పీకి మళ్లీ పెడితే అది ఎల్‌పీ1 కావచ్చు, అప్పుడు మళ్లీ ప్రింట్ ఆగుతుంది. పైగా సీసీపీడీ పాత పద్ధతి సర్వీసు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు దానంతట అది లేవకపోతే, మొదలుపెట్టేలా ఒక చిన్న సిస్టమ్‌డీ ఫైల్ మనమే రాసుకోవాలి. డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను.

ఇదంతా వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. అలెక్సీ గలఖోవ్ అనే ప్రోగ్రామర్ క్యాప్ట్ భాషని బయటి నుంచి పరిశీలించి, సోర్స్ కోడ్ అందరికీ ఇస్తూ క్యాప్ట్‌డ్రైవర్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి. సీసీపీడీ ఉండదు, 32 బిట్ గొడవ ఉండదు. కంపెనీ డ్రైవర్‌లో ఉన్న అన్ని సౌకర్యాలూ ఇందులో ఆశించకండి. మామూలు నలుపు తెలుపు ప్రింట్ కోసం అయితే నేను దీన్నే ముందు ప్రయత్నించమంటాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ప్రింట్ సర్వర్ పెట్టుకునేవాళ్లకైతే ఇదొక్కటే దిక్కు, ఎందుకంటే ఇంటెల్ ప్రాసెసర్ల కోసం కట్టిన ప్రోగ్రాములు దాని మీద నేరుగా నడవవు.

బ్రదర్ విషయానికొస్తే, కంపెనీ ఇన్‌స్టాలర్ స్క్రిప్టు ఉంది, దాంట్లోనూ చాలా మోడళ్లకి 32 బిట్ ప్రోగ్రాములే వస్తాయి. దానికంటే బీఆర్‌లేజర్ మేలు. పీటర్ డి వాక్టర్ రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ అది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉంది. హెచ్‌ఎల్-ఎల్2300 సిరీస్, డీసీపీ-ఎల్2500 సిరీస్ లాంటివాటికి బాగా పనిచేస్తుంది. మీ మోడల్ నంబరు లిస్టులో లేకపోతే అదే సిరీస్‌లో దగ్గరి మోడల్ పెట్టి చూడండి.

ఎప్సన్ ఇంక్ ట్యాంకుల్లో ఎల్3110 లాంటివి వాడేవాళ్లు అదృష్టవంతులు. ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్ ఓపెన్ సోర్స్, ప్యాకేజీల్లోనే ఉంటుంది. స్కానింగ్‌కి ఎప్సన్ స్కాన్ 2 విడిగా వేసుకోవాల్సి రావచ్చు, అంతే.

కొత్త ప్రింటర్ కొనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఎయిర్‌ప్రింట్ అని గానీ, ఐపీపీ ఎవ్రీవేర్ అని గానీ పెట్టె మీద ఉంటే, దానికి లినక్స్‌లో డ్రైవర్ అక్కర్లేదనే అనుకోవచ్చు. వైఫైలో ఉంటే దానంతటదే కనిపిస్తుంది. టెర్మినల్‌లో డ్రైవర్‌లెస్ అని కొడితే అలాంటి ప్రింటర్ల జాబితా వస్తుంది. యూఎస్‌బీలో అయితే ఐపీపీ-యూఎస్‌బీ అనే ప్యాకేజీ ఈ పని చేస్తుంది. ఒక్క జాగ్రత్త. ఐపీపీ-యూఎస్‌బీ ఆ ప్రింటర్‌ని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది. అదే ప్రింటర్‌కి మీరు పాత పద్ధతి యూఎస్‌బీ డ్రైవర్ కూడా పెట్టి ఉంటే దానికి ప్రింటర్ అందదు, 'పరికరం బిజీగా ఉంది' అనో 'దొరకలేదు' అనో అంటుంది. రెండింటిలో ఒకటే ఉంచుకోండి.

కప్స్ కొత్త వెర్షన్ కప్స్ 3 వస్తే పాత ప్రింటర్లు పోతాయని కొందరు భయపెడుతున్నారు. ప్రింటర్ సౌకర్యాలు రాసి ఉండే పీపీడీ ఫైళ్ల మీద నడిచే పాత డ్రైవర్ పద్ధతిని అందులో తీసేస్తున్న మాట నిజమే. అయితే ఆ డ్రైవర్లని లోపల పెట్టుకుని, బయటికి కొత్త తరహా ప్రింటర్‌లా కనిపించే ప్రింటర్ అప్లికేషన్లని ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లు తయారుచేశారు. హెచ్‌పీలిప్‌కి ఇప్పటికే ఉంది. మీ 1020ని అప్పుడే పాత సామానుకి వేయకండి.

ఇంకొకటి, 2024 సెప్టెంబరులో నెట్‌వర్క్‌లో ప్రింటర్లని వెతికే కప్స్-బ్రౌజ్డ్ అనే భాగంలో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. అప్‌డేట్లు వచ్చాయి, వేసుకోండి. నెట్‌వర్క్ ప్రింటర్ వాడకపోతే ఆ సర్వీసుని ఆపేసినా నష్టం లేదు.

తెలుగు గురించి కూడా చెప్పాలి. టెక్స్ట్ ఫైల్‌ని టెర్మినల్ నుంచి నేరుగా ప్రింటర్‌కి పంపితే ఒత్తులు, గుణింతాలు విడిపోయి రావచ్చు. ఇది మీ డ్రైవర్ తప్పు కాదు. లిబ్రెఆఫీస్‌లో తెరిచి, పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌ని ప్రింట్ ఇవ్వండి.

మీ ప్రింటర్ ఇంకా మొండికేస్తే కామెంట్లో మోడల్ పేరు, డిస్ట్రో వెర్షన్, ఎల్‌పీఇన్ఫో ఇచ్చిన లైన్లు, లాగ్‌లో 'ఫిల్టర్ ఫెయిల్డ్' పైన ఉన్న ముక్క పెట్టండి, చూసి జవాబిస్తాను. పెట్టే ముందు ఒకసారి చదువుకోండి. ఆ లాగ్‌లో మీ యూజర్ పేరు, ప్రింట్ ఇచ్చిన ఫైళ్ల పేర్లు కూడా ఉంటాయి, అవి తీసేసి పెట్టండి. పని అయ్యాక కప్స్‌సీటీఎల్, రెండు హైఫన్లు, నో డీబగ్ లాగింగ్ అని కొట్టి డీబగ్ ఆపేయండి.