పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు: మేలును ఎలా లెక్కగట్టాలి?

అందరికీ నమస్కారం.

"క్యాన్సర్ ముందే బయటపడితే ఎక్కువకాలం బతుకుతారు కదా, ఇంక లెక్కలెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఈ మాటలో చిన్న కిటుకుంది. ఒకాయన 70వ ఏట పోయాడనుకోండి. జబ్బు 67లో తేలితే మూడేళ్ళు బతికాడంటాం, 62లో తేలితే ఎనిమిదేళ్ళంటాం. పోయింది మాత్రం 70లోనే. అందుకే జబ్బు తేలినవాళ్ళు ఎన్నేళ్ళు బతికారన్నది నమ్మదగ్గ కొలత కాదు. పరీక్షకు పిలిచినవాళ్ళలో ఎందరు ఈ జబ్బుతో పోయారు, పిలవనివాళ్ళలో ఎందరు పోయారు? అది చూడాలి.

అమెరికాలోని మిన్నెసోటాలో 1975లో అదే మొదలుపెట్టారు. 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉన్న 46,551 మందిని లాటరీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏటా, ఇంకో గుంపుకు రెండేళ్ళకోసారి, మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష పెట్టారు. మూడో గుంపుకు మామూలు వైద్యమే. 30 ఏళ్ళు గడిచాక చూస్తే, ఏటా పరీక్ష పెట్టిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు 32 శాతం తక్కువ. వినడానికి పెద్ద అంకె! మనుషుల్లో చెబితే 295 బదులు 200. ఒక్కో గుంపులో పదిహేను వేలకు పైగా ఉన్నారని మరవకండి. అన్ని కారణాలూ కలిపిన మరణాల్లో మాత్రం తేడా లేదు. నా లెక్కలో ఈ మేలు చిన్నదే, కానీ నిజమైనది.

పెద్దపేగు విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలగా మొదలై, ముదరడానికి దాదాపు పదేళ్ళు తీసుకుంటుంది. ఈలోగా దాన్ని తీసేస్తే జబ్బే రాకపోవచ్చు. బ్రిటన్‌లో పరిశోధకురాలు వెండీ ఆట్కిన్ బృందం 55 నుంచి 64 ఏళ్ళవాళ్ళకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పేగు కింది భాగాన్ని గొట్టంతో చూసి పాలిప్‌లు తీసేసింది. 17 ఏళ్ళ తర్వాత కూడా, పిలుపు అందిన గుంపులో క్యాన్సర్ నాలుగో వంతు తక్కువగానే ఉంది.

కొలనోస్కోపీ అంటే పెద్దపేగు మొత్తాన్ని గొట్టంతో చూడటం. మరి దానికి పిలిచినవాళ్ళనీ పిలవనివాళ్ళనీ పోల్చిన పోలండ్, నార్వే, స్వీడన్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చినప్పుడు, కొలనోస్కోపీ దండగేనా అన్న ప్రశ్న ఎందుకు లేచింది? పిలిచినవాళ్ళలో వెళ్ళింది 42 శాతమే. చూసింది పదేళ్ళే. క్యాన్సర్ రావడం 18 శాతం తగ్గింది, మరణాల్లో స్పష్టమైన తేడా తేలలేదు. పాలిప్ ముదరడానికే పదేళ్ళు పట్టేచోట పదేళ్ళకే తీర్పు చెప్పేయడం తొందరపాటని నా అభిప్రాయం.

ఇంకొక్క మాట. ఇవన్నీ ఏ లక్షణమూ లేనివాళ్ళ లెక్కలు. మలంలో రక్తం కనపడుతున్నా మొలలే అనుకుని నెలల తరబడి నాటుమందు వాడేవాళ్ళు ఈ శాతాల్లోకి రారు. వాళ్ళు ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.