సైకిలు తాగే పెట్రోలు

శ్రోతలకు నమస్కారం.

కొత్త సంవత్సరం రాగానే, పుట్టినరోజు నాడు, లేదా రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం మనలో చాలామందిమి తీర్మానాలు చేసుకుంటాం. రేపటి నుంచి సైకిలు తొక్కాలి. రేపటి నుంచి తిండి సంగతి చూసుకోవాలి. ఒకటి ప్రయాణం పద్దులో, ఇంకొకటి భోజనం పద్దులో రాసుకుంటాం. ఆ రెండూ ఒకే పద్దు అని చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను. కాస్త లెక్క చెయ్యాల్సి వస్తుంది. కాగితం, కలం అక్కర్లేదు, వింటూ ఉంటే చాలు.

ముందు పెట్రోలు దగ్గర మొదలుపెడదాం. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అది కాలితే మాత్రం సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ముప్పావు కిలో కాలితే రెండు కిలోల పైచిలుకు వాయువు ఎలా వస్తుందని మొదటిసారి విన్నవాళ్లకు అనుమానం రావాల్సిందే. కాలేటప్పుడు పెట్రోలులోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండేసి ఆక్సిజన్ పరమాణువులను వెంటబెట్టుకుని పోతుంది. ఆ బరువులో ఎక్కువ భాగం గాలి నుంచి తీసుకున్నదే.

అదే లీటరులో ఉన్న శక్తి ఏడున్నర వేల కిలోకాలరీలకు పైనే. మామూలు మనిషి మూడు రోజులు కడుపునిండా తినే తిండికి అది సమానం. చదునైన రోడ్డు మీద, ఎదురుగాలి లేకుండా, తొందరపడకుండా సైకిలు తొక్కితే కిలోమీటరుకు ఓ పాతిక కిలోకాలరీలు ఖర్చవుతాయి. ఆ లెక్కన లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తితో మనిషి సైకిలు మీద 300 కిలోమీటర్లు పోగలడు. చిన్న కారు ఆ లీటరుతో పదిహేనో ఇరవయ్యో కిలోమీటర్లు పోయి ఆగుతుంది.

అలాగని మన ఒళ్లు ఇంజను కంటే గొప్ప యంత్రమేమీ కాదు. పెట్రోలు ఇంజను తనకు పోసినదాంట్లో పావు వంతుకు అటూ ఇటూగా చక్రాలకు అందిస్తుంది, మిగతాదంతా వేడి. మన కండరాలూ అంతే. తిన్నదాంట్లో పావు వంతో, ఇంకాస్త తక్కువో పెడలు మీదికి వెళ్తుంది, మిగతాది వేడిగా పోతుంది. తొక్కేటప్పుడు చెమటలు పట్టేది అందుకే. తేడా అంతా మోసే బరువులో ఉంది. 70 కిలోల మనిషిని కదిలించడానికి కారు టన్నుకు పైగా ఇనుమును తోడు తీసుకెళ్తుంది. సైకిలు తన వంతుగా పదిహేను కిలోలు మోయిస్తుంది, అంతే. వెనక చక్రానికి చెయిను, రెండు చక్రాలూ సమానంగా ఉండే ఈ ఆకారాన్ని 1885లో జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండులో తయారుచేశాడు. మూడేళ్లకు జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని మెరుగులు దిద్దినా మనం ఇవాళ తొక్కేది దాదాపు ఆ బండే.

ఇక్కడే కంచం సంగతి వస్తుంది. సైకిలు పొగ వదలదు అంటాం. నిజమే, వదలదు. కానీ తొక్కేవాడికి ఇంధనం కావాలి, ఆ ఇంధనం పొలం నుంచి వస్తుంది. పొలానికి ఎరువు వేశారు, నీళ్లు తోడారు, పంటను మోశారు, మన పొయ్యి మీద వండారు. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో ఈ లెక్క వేశారు. మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో, అంటే భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే వాయువుల్లో, నాలుగో వంతుకు పైగా తిండి వల్లే వస్తున్నాయని తేల్చారు. అందులోనూ తిండికీ తిండికీ పోలిక లేదు. వంద గ్రాముల మాంసకృత్తులు కావాలనుకోండి. మాంసం కోసమే పెంచిన పశువు నుంచి అవి రావాలంటే సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. బఠాణీల నుంచైతే అరకిలో కూడా ఉండదు.

ఇంత తేడాకు ముఖ్య కారణం నెమరు. నెమరువేసే పశువుల కడుపులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టేటప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. పప్పుధాన్యాల మొక్కలకు ఇంకో సుగుణం ఉంది. వాటి వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి కాబట్టి నత్రజని ఎరువు పెద్దగా అడగవు. ఆ ఎరువు తయారీకి బోలెడంత ఇంధనం కావాలి, పొలంలో వేశాక అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, అదీ వేడిని పట్టి ఉంచే వాయువే.

మాంసం ముట్టనివాళ్లు ఇది విని, హమ్మయ్య, మా పద్దు శుభ్రంగా ఉంది అనుకోవచ్చు. తొందరపడకండి. పాలిచ్చే పశువు కూడా నెమరువేసేదే. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలి అందని బురదలోనూ మీథేన్ పుడుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతితో దాన్ని బాగా తగ్గించవచ్చు, కానీ అది రైతు చేతిలో, సాగునీటి ఏర్పాట్లలో ఉన్న పని. తినేవాళ్ల చేతిలో ఉన్నది వేరే ఉంది. వండినది పారెయ్యకుండా ఉండటం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. హోటళ్లూ పెళ్లిళ్లూ గుర్తొస్తాయి మనకు. కానీ అందులో 60 శాతం ఇళ్లలో పారేసిందే. ఆ తిండి చెత్తకుప్ప అడుగున పడి, గాలి తగలక కుళ్లితే మళ్లీ మీథేనే. తినని ముద్ద రెండుసార్లు వేడి పుట్టిస్తుంది, పండినప్పుడోసారి, కుళ్లినప్పుడోసారి.

సరే, ఇంత లెక్క విన్నాక ఏం చెయ్యాలి? నా తీర్మానాలు నేను చెప్తాను. ఇవి మీకూ సరిపోవాలని లేదు.

సైకిలు విషయంలో నాది దూరం లెక్క. అయిదు కిలోమీటర్ల లోపు పని, చేతిలో పెద్ద బరువు లేకపోతే, సైకిలే. నిదానంగా తొక్కినా ఇరవై నిమిషాల పని అది. ఆ కొద్ది దూరాల్లోనే ఇంజను బండి ఎక్కువ పాడు చేస్తుంది కూడా. ఇంజను వేడెక్కేదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగను శుద్ధి చేసే కన్వర్టరు చల్లగా ఉన్నంతసేపూ సరిగా పనిచెయ్యదు. అంటే వీధి చివరికి వెళ్లొచ్చే ప్రయాణమే కిలోమీటరుకు అన్నిటికంటే మురికిది.

రెండోది, సైకిలును ముందురోజు రాత్రే సిద్ధం చేసి ఉంచడం. సైకిలు మానేసినవాళ్లను అడిగి చూడండి, బద్ధకం అని చెప్పేవాళ్లు తక్కువ. గాలి లేదనో, చెయిను ఊడిందనో చెప్తారు. పొద్దున్నే బయల్దేరేటప్పుడు టైరు మెత్తగా తగిలితే చెయ్యి తనంతట తనే బండి తాళం వైపు పోతుంది. టైరు పక్కన ఎంత గాలి ఉండాలో అచ్చువేసి ఉంటుంది, చూసి అంత కొట్టాలి. గాలి తక్కువైతే గుంతలో దిగినప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చెయినుకు నూనె పూసి, పైన జిడ్డు తుడిచెయ్యాలి, లేకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. సీటు ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. పెడలు కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండి మోకాలు కొద్దిగా వంగాలి. సీటు మరీ కిందికుంటే మోకాళ్లు నొప్పెడతాయి, సైకిలు నాకు పడదు అనిపిస్తుంది. పడనిది సైకిలు కాదు, ఆ సీటు.

చెమట గురించి అందరూ అడుగుతారు. వేగం తగ్గిస్తే చెమట సగం తగ్గుతుంది. సంచి వీపుకు తగిలించుకోకుండా క్యారియర్‌కు కట్టేస్తే ఇంకాస్త తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే ఇంకో చొక్కా.

భయం గురించి మాత్రం ఇంత తేలిగ్గా మాట్లాడను. కొన్ని రోడ్లు సైకిలుకు నిజంగానే ప్రమాదం. అలాంటి దారైతే చుట్టు తిరిగి సందుల్లోంచి వెళ్లాలి, అదీ లేకపోతే ఆ పనికి బస్సెక్కాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తలకు హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, చేత్తో సైగ. ఆపి ఉన్న కార్లకు తలుపు తెరుచుకునేంత దూరంలో ఉండండి. ఎదురు రావడం అస్సలు వద్దు, రెండు నిమిషాలు ఆదా అయినా సరే.

తిండి తీర్మానాలు ఇంతకంటే చిన్నవి. మొదటిసారి తక్కువ వడ్డించుకుని, కావాలంటే మళ్లీ వడ్డించుకోవడం. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. గబగబా తినేవాళ్లు ఆ కబురు అందేలోపే రెండోసారి పెట్టించేసుకుంటారు. తినేటప్పుడు ఫోను వేరే గదిలో. తెర చూస్తూ తింటే ఎంత తిన్నదీ గమనికలో ఉండదు, ఏం తిన్నదీ గుర్తుండదు. వండేముందు ఇంట్లో ఇవాళ తినేదెవరో అడగడం, ఇది వంట చేసేవాళ్ల ఒక్కరి బాధ్యతేమీ కాదు, బయట తిని వచ్చేవాళ్లు ముందే చెప్పాలి. మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, కనపడేలా ముందు వరసలో ఉంచడం. వెనక్కి పోయిన గిన్నె పాడయ్యాకే బయటపడుతుంది. మాంసం తినే ఇళ్లలో వారంలో కొన్ని పూటలు దాని స్థానంలో పప్పుధాన్యాలు. అన్ని పూటలా మానెయ్యమని నేను చెప్పను, చెప్తే ఎవరూ వినరు కూడా.

సైకిలు తొక్కేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. అరగంట తొక్కితే రెండు వందల కిలోకాలరీలకు కాస్త తక్కువే ఖర్చవుతుంది. దిగగానే కష్టపడ్డాం కదా అని అర లీటరు తీపి శీతల పానీయం తాగితే అందులోని యాభై గ్రాముల పైచిలుకు చక్కెర ఆ రెండు వందలూ తిరిగి జమ చేసేస్తుంది. దాహం వేస్తే నీళ్లు.

ఇక చివరి ప్రశ్న. నా ఒక్కరి వల్ల ఏమవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్నే. తన వల్ల ఎంత వాయువు వెలువడుతోందో కార్బన్ పాదముద్ర అనే పేరుతో మనిషి మనిషికీ లెక్కగట్టుకోమనే ఆలోచనను 2000 తర్వాత గట్టిగా ప్రచారం చేసింది బీపీ అనే చమురు సంస్థ. నేరం మొత్తం పెట్రోలు అమ్మినవాళ్ల మీంచి పోయించుకున్నవాళ్ల మీదికి జరిగితే ఎవరికి లాభమో వేరే చెప్పాలా! అందుకని తీర్మానం ఇంటి గుమ్మం దగ్గర ఆగకూడదని నా అభిప్రాయం. నెదర్లాండ్స్‌లో 1971లో మూడు వేల మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు కొరత వచ్చినప్పుడు ఆదివారాలు కార్లు ఆపేశారు. తర్వాతి దశాబ్దాల్లో సైకిళ్లకు ప్రత్యేక దారులు పరుచుకున్నాయి. ఇవాళ అక్కడ నాలుగో వంతుకు పైగా ప్రయాణాలు సైకిలు మీదే సాగుతున్నాయి. వాళ్లేమీ పుట్టుకతోనే అంత మంచివాళ్లు కారు, అడిగి సాధించుకున్నారు.

మనమూ అడుగుదాం. పనిచేసేచోట సైకిలు పెట్టుకోవడానికి నీడ, చొక్కా మార్చుకోవడానికి చిన్న గది. క్యాంటీనులో సగం ధరకు సగం వడ్డన. ఊరి పాలకులను రోడ్డు పక్కన సైకిలు దారి, అందులో వేరే బండ్లు ఆపకుండా ఓ గట్టు. నోటిమాటగా చెప్తే మరిచిపోతారు, కాగితం మీద రాసి, నలుగురి సంతకాలు పెట్టించి ఇవ్వండి.

సెలవు. నమస్కారం.