మంగళగిరి కాటన్ చొక్కా: ఆరు నెలలు వేసుకున్నాక చెబుతున్నా

నమస్కారం అండీ. నా ఒంటి మీదున్న ఈ ఇటుకరంగు చొక్కా చూశారుగా, ఇవాళ రివ్యూ దీనిదే. ఆరు నెలలుగా వారానికి ఒక్కసారైనా వేసుకుంటున్నా, ఉతుకుతున్నా. అందుకే ఇప్పుడు ధైర్యంగా మాట్లాడగలను.

"అమ్మాయిలకు నచ్చాలంటే ఏం వేసుకోవాల్రా?" అని మా వాళ్లు అడుగుతూనే ఉంటారు. నేనూ చాన్నాళ్లు అదే వెతికాను. ఒంటికి అతుక్కునే స్ట్రెచ్ షర్టు, ఛాతీ మీద పెద్ద లోగో. అది వేసుకుని ఎవరితో మాట్లాడుతున్నా నా చెయ్యి చొక్కా అంచు కిందికి లాగడంలోనే ఉండేది. ఎదుటి మనిషి చెప్పేది సగమే వినపడేది.

ఇది మంగళగిరి గుంట మగ్గం మీద నేసిన బట్ట. 80 నంబరు నూలు, అంటే సన్నటి పోగు. ఫుల్ హ్యాండ్స్‌కి రెండున్నర మీటర్లు తీసుకున్నా. బట్టకీ కుట్టుకూలికీ కలిపి నాకు పన్నెండు వందలైంది. మొదట ఒక పీసు తెచ్చిన రోజే టైలర్‌కి ఇచ్చేశాను. ఒక్క ఉతుకుతో చేతులు మణికట్టు పైకి పోయాయి. మగ్గం మీద బిగుతుగా లాగి ఉంచిన నూలు తడి తగలగానే ముడుచుకుంటుంది మరి. కత్తిరించకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి ఇవ్వాలి. అది నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నా.

కెమెరా దగ్గరికి తెస్తున్నా. భుజం కుట్టు చూడండి. ఎముక ఎక్కడ అయిపోయిందో సరిగ్గా అక్కడే ఆగింది. అర అంగుళం కిందికి జారినా అన్నయ్య చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. టైలర్‌కి కొలతలతో పాటు మీకు బాగా నప్పిన పాత చొక్కా ఒకటి ఆదికి ఇవ్వండి. కుట్టాక అక్కడే వేసుకుని చెయ్యి పైకెత్తి చూడండి. చంక దగ్గర పట్టేస్తే మొహమాటపడకుండా విప్పించి మళ్లీ కుట్టించుకోండి.

లోపాలూ ఉన్నాయి. బండి మీద అరగంట వెళ్తే వీపు దగ్గర నలిగిపోతుంది. పలచటి గంజి, తడి మీద ఇస్త్రీ, ఈ రెండూ తప్పవు. లేత రంగైతే లోపల బనీను కనపడుతుంది. మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలి, రంగు కొంచెం వదులుతుంది.

గోళ్లు, చెప్పులు, చెమట వాసన... ఇవి సరిగా లేకపోతే ఏ చొక్కా ఆదుకోదు. ఎండాకాలంలో నేను వట్టివేళ్ల అత్తరు మెడ దగ్గర ఒక్క చుక్క రాసుకుంటా. స్ప్రే ఒళ్లంతా కొట్టుకుంటే పక్కన కూర్చున్నవాళ్లకి తలనొప్పి.

మొన్న మా బాబాయి కూతురి పెళ్లి. భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్నమ్మాయి, "ఇది మంగళగిరి బట్ట కదండీ?" అంది. వాళ్ల అమ్మమ్మకి నిజాం అంచు (మంగళగిరి చీరలకి వేసే జరీ అంచు) చీర ఉండేదట, ఇప్పుడు తను కట్టుకుంటోందట. ఆ అంచు గురించి, అమ్మమ్మ గురించి తను చెబుతుంటే నేను వింటూ కూర్చున్నా. పప్పు దగ్గర మొదలైన మాట పెరుగన్నం దాకా సాగింది. అంతసేపట్లో చొక్కా అంచు ఒక్కసారి కూడా లాగలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నాకు కావాల్సిన స్టైల్ ఇదేనని అప్పుడు అర్థమైంది. వేసుకున్నాక దాన్ని మర్చిపోయి ఎదుటి మనిషిని చూడగలగాలి.

నీలం, ఆకుపచ్చ కూడా ప్రయత్నించాను. నా చామనఛాయకి ఈ ఇటుకరంగే బాగుంది. మీ రంగు కిటికీ వెలుతురులో అద్దం ముందు బట్ట భుజం మీద వేసుకుని తేల్చుకోండి, షాపు లైట్లలో మాత్రం వద్దు.

కొంటానా మళ్లీ? కొంటాను. ఈసారి పోచంపల్లి ఇక్కత్ తెచ్చాను. జేబు దగ్గర డిజైను కలిసేలా కుట్టడం టైలర్‌కి పెద్ద పనే. కుట్టాక చూపిస్తా. ప్రస్తుతానికి అది బాత్రూంలో బకెట్లో నానుతోంది.