ఏది మార్చాలి, ఏది ఉంచాలి: ఒక 1969 కమారో కథ

అందరికీ నమస్కారం.

ఇక్కడ మిషిగన్‌లో మన తెలుగువాళ్లు చాలామంది కార్ల పరిశ్రమలోనే పనిచేస్తున్నారు. కొత్త కార్ల గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. నేను మాట్లాడబోయేది మా గరాజ్‌లో ఉన్న 1969 షెవ్రొలే కమారో గురించి. దాన్ని చూసినవాళ్లంతా ఒకే మాట అడుగుతారు: "ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తున్నారా, మార్చేస్తున్నారా?" రెండూ చేస్తున్నాను. ఏది ఎందుకో చెబుతాను.

మామూలు సైజు బండిలో పెద్ద ఇంజిను పెట్టిన ఇలాంటివాటిని మజిల్ కార్లు అంటారు. ముందు ఈ బండ్లు ఎందుకు పుట్టాయో చూద్దాం. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజిను పెట్టకూడదని 1960ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. జనరల్ మోటార్స్‌కే చెందిన పాంటియాక్ విభాగంలో ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం దాన్ని తెలివిగా దాటేసింది. 1964 మోడల్ టెంపెస్ట్ కారుకు 389 ఇంజినును ఆప్షన్‌గా పెట్టి అమ్మింది. అదే జీటీఓ. ఆ ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్‌ను విడుదల చేసింది. దానికి జవాబుగా 1966 సెప్టెంబరులో జనరల్ మోటార్స్‌వారి షెవ్రొలే విభాగం నుంచి కమారో వచ్చింది. మన డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో రాత్రిపూట సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు జరిగిన కాలం అది. తర్వాత కార్ల పొగకు హద్దులు పెట్టిన 1970 క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, బీమా ప్రీమియంలు పెరిగాయి, 1973లో చమురు సంక్షోభం. అంతటితో ఆ ఊపు తగ్గిపోయింది.

ఇవన్నీ కుర్రకారు కొనగలిగే ధరలో తయారుచేసిన బండ్లు. యాభై ఏళ్లు నిలవాలని ఎవరూ అనుకోలేదు. అందుకే మొదటి శత్రువు తుప్పు. వెనక అద్దం అంచు కింద నీళ్లు చేరతాయి, అక్కణ్ణుంచి డిక్కీ అడుగుకి దిగుతాయి. పైకి పెయింటు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. నేను పుట్టి పెరిగింది విజయవాడ. ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీలు వేలి కణుపుతో డోరు మీద తట్టి, శబ్దాన్ని బట్టి "ఇక్కడ పుట్టీ ఉంది" అని చెప్పేవారు. ఈ కారు మీద నేను చేసిన మొదటి పరీక్ష కూడా అదే. వెనక చక్రం పైభాగం చప్పగా మోగింది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. గీకి చూస్తే పుట్టీ వేలెడు మందాన ఉంది, దాని కింద రేకు లేదు. అంతకుముందు ఎవరో చిల్లును కప్పి రంగు పూసి అమ్మేశారు. కుళ్లిన భాగం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశాం. ఇలాంటిచోట పాతది ఉంచాలన్న పట్టుదల పనికిరాదు.

ఇంజిను మాత్రం వేరే సంగతి. ఇది షెవ్రొలే స్మాల్ బ్లాక్ అనే రకం, 350 ఘనపుటంగుళాలు, అంటే 5.7 లీటర్లు. ఇప్పుడు చాలామంది దీన్ని దించేసి జనరల్ మోటార్స్‌వారిదే కొత్తతరం ఎల్‌ఎస్ ఇంజిను ఎక్కిస్తున్నారు. పవర్ ఎక్కువ, మైలేజీ ఎక్కువ, పొద్దున్నే ఠక్కున స్టార్ట్ అవుతుంది. వాళ్లను తప్పుపట్టను. కానీ నేను ఈ కారును ప్రేమించింది దాని గొంతు విని. సిలిండర్లు 1-8-4-3-6-5-7-2 వరసలో మండుతాయి. బేసి అంకెలు ఎడమవైపు, సరి అంకెలు కుడివైపు. వరస గమనించండి: 8 తర్వాత వెంటనే 4, రెండూ కుడివైపే. 5 తర్వాత 7, రెండూ ఎడమవైపే. అలా ఒకే పక్క రెండు దెబ్బలు వెంటవెంటనే పడటం వల్లే సైలెన్సర్ లోంచి ఆ గుడగుడ వస్తుంది. ఎల్‌ఎస్ వరస వేరు.

ఆ ఇంజినుకే మళ్లీ ప్రాణం పోయాలంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. దీనిది పాతకాలపు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌షాఫ్ట్. క్యామ్ తిరుగుతూ లిఫ్టర్లనే చిన్న ముక్కలను పైకి నెడితే వాల్వులు తెరుచుకుంటాయి. క్యామ్, లిఫ్టర్ ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య అరుగుదల ఆపేది ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని ఈనాటి ఆయిళ్లలో వాటిని తగ్గించారు. కాబట్టి దీనికి జింకు ఎక్కువున్న ఆయిలే పోయాలి. కొత్త క్యామ్‌తో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలకూడదు. క్యామ్‌కి ఆయిల్ అందేది ప్రధానంగా క్రాంక్ తిరుగుతూ చిమ్మే తుంపర్ల వల్ల. నిదానంగా తిరిగితే అవి చాలవు. అందుకని వెంటనే రెండువేల ఆర్‌పీఎం పైకి లేపి, ఇరవై నిమిషాలపాటు అక్కడే ఉంచాలి. ఆ ఇరవై నిమిషాలూ మా అమ్మాయి మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడింది. నేను ఆయిల్ ప్రెషర్ ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు. అంత టెన్షన్ నాకు ఏ ఇంటర్వ్యూలోనూ లేదు.

ఇంకో మాట. ఇంజిను బ్లాకు ముందువైపు, కుడి సిలిండర్ హెడ్ కిందుగా ఒక చిన్న చదునైన చోటు ఉంటుంది. కారు తయారీ నంబరు (వీఐఎన్) లోని కొంత భాగం అక్కడ ముద్రించి ఉంటుంది. ఈ ఇంజిను ఈ కారుదేనని చెప్పే సాక్ష్యం అదే. రీబోరింగ్‌కి, అంటే సిలిండర్లను మళ్లీ తొలిపించడానికి, ఇచ్చినప్పుడు బ్లాకు పైతలం కూడా చదును చేస్తే ఆ అంకెలు చెరిగిపోతాయి. ముందే చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వండి. చెరిగిన నంబరు మళ్లీ కొట్టించడం మోసం.

బ్రేకుల దగ్గర మాత్రం నాకు ఏ మొహమాటం లేదు. నా కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వేగంలో రెండుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ముందు చక్రాలకు డిస్కులు వేశాను. మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు పెట్టాను. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, అవన్నీ మార్చాను. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ డబ్బా పాతదే, లోపల కరెంటును తెంపి కలిపే పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేశాను. వీటిలో దేనికీ బాడీని కోయలేదు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి పెట్టెలో ఉంచాను. నా తర్వాత దీన్ని కొనేవాళ్లకు డ్రమ్ములే కావాలనిపిస్తే మధ్యాహ్నంలోగా బిగించుకోవచ్చు.

మీలో ఎవరైనా ఇలాంటి కారు కొనాలనుకుంటే ఇంజిను చూసి మోజుపడకండి. ఇంజిను భాగాలు ఈరోజుకీ దొరుకుతాయి. ముందు అద్దం కింద, బానెట్ వెనక ఉన్న గాలి జాలీలో ఒక చెంబుడు నీళ్లు పోసి, లోపల కార్పెట్ ఎత్తి చూడండి. తడి తగిలితే లోపల తుప్పు తినేసినట్టే. ఆ పని చేయించాలంటే ముందు చక్రాల మీది రెక్కలు (ఫెండర్లు) ఊడదీయాలి, డాష్‌బోర్డు విప్పాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. పొడిగా ఉంటే బేరం మొదలుపెట్టండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.